తనవి తప్ప

ఆరువందల పన్నెండో పేజీలో, రెండో కాలమ్ కింద నుంచి నాలుగో పంక్తిలో, కార్డులమ్మకు తనే కనబడింది.

సోమవారం ఉదయం పదీ పది. చేతిలో ఎర్ర పెన్సిలు ఉంది. ముందు పేజీ వరకూ ఆగకుండా నడిచిన పెన్సిలు అక్కడ ఆగింది.

పుట్టుపూర్వోత్తరాలు: ఒక మనిషి లేదా వస్తువు పుట్టుక, వంశం, వెనకటి చరిత్ర. "కార్డులు సర్దే ఆవిడకి అన్ని మాటల పుట్టుపూర్వోత్తరాలూ తెలుసు, తనవి తప్ప." (వాడుక)

మొదటిసారి చదివినప్పుడు ఆమె అలవాటు ప్రకారం అచ్చుతప్పులు చూసింది. లేవు. రెండోసారి చదివినప్పుడు వాక్యం అర్థమైంది. మూడోసారి చదవలేదు. లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది.

ఈ నిఘంటువు ఆఫీసులో కార్డులు సర్దే ఆవిడ ఒక్కతే. ఇరవై రెండేళ్లుగా ఒక్కతే. అందుకే అందరూ ఆమెను కార్డులమ్మ అంటారు. పుట్టిన పదో రోజునో పన్నెండో రోజునో ఎవరో అనాథాశ్రమం అరుగు మీద వదిలి వెళ్లిన మనిషి. ఆ రోజుల లెక్క కూడా ఆశ్రమం వాళ్ల అంచనాయే.

గురువారం మధ్యాహ్నం ఈ పేజీలు ప్రెస్సుకు వెళ్తాయి. ఐదువేల ప్రతులు. ప్రతి బడిలో ఒకటి, ప్రతి లైబ్రరీలో ఒకటి. ఇంకో ముద్రణ ముప్పై ఏళ్ల తర్వాతి మాట. ఆమె పోయాక కూడా ఈ వాక్యం బతికే ఉంటుంది.

"అమ్మాయ్, ఇలా రా."

పేజీలు కూర్చే అమ్మాయి కుర్చీతో సహా జరుక్కుంటూ వచ్చింది. ఆ కుర్చీకి చక్రాలు ఉండటం వల్ల ఆమె ఆఫీసులో నడవడం మానేసి ఏడాదయింది.

"ఏంటక్కా?"

"ఈ పంక్తి ఎప్పుడు ఎక్కించావ్?"

"నెలయిందేమో. పెద్దాయన రాతలో ఉన్నది ఉన్నట్టు కొట్టానక్కా. నేను చదవను, కొడతానంతే. చదివితే చెయ్యి ఆగిపోతుంది." అప్పుడు చదివింది. నవ్వబోయి సగంలో ఆపుకుంది. "అక్కా, ఇది నీ గురించి కాదు కదా?"

"మరి నీ కుర్చీ గురించా?"

పెద్దాయన రాత అన్నంత మాత్రాన తేలేదేమీ లేదు. నిఘంటువు మొత్తం ప్రధాన సంపాదకుడైన పెద్దాయన చేతిరాతే. ఆయన కార్డులు చూసి రాస్తాడు. తెల్ల కార్డు అంటే పుస్తకంలో చదివిన మాట. పసుపు కార్డు అంటే చెవితో విన్న మాట. పసుపు కార్డు మీద మూడు సంగతులు ఉండాలి. మధ్యలో వాక్యం, అన్నది అన్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా. కింద 'చెప్పింది' దగ్గర అన్న మనిషి వృత్తి, వయసు. పేరు అక్కర్లేదు. దాని పక్కన 'విన్నది' దగ్గర విన్నవాళ్ల పొడి అక్షరాలు.

ఆ 'విన్నది' దగ్గర సంతకం పెట్టే హక్కు పర్మనెంటు సంపాదకులకే. కార్డులమ్మ బస్సులో, రేషన్ షాపులో, ఆసుపత్రి వరండాలో ఎన్ని మంచి మాటలు విన్నదో లెక్కలేదు. తెచ్చి పెద్దాయన చెవిన వేసేది. ఆయన మురిసిపోయి రాసుకునేవాడు. ఆ కార్డులన్నిటి మీదా ఆయన పొడి అక్షరాలే ఉన్నాయి. వాటిని వరసలో పెట్టింది మాత్రం ఆమె.

ఆమె గోడ వారనున్న చెక్క బీరువా దగ్గరకు వెళ్లి, 'పు' అక్షరం సొరుగు లాగింది. ప్రతి కార్డుకీ అడుగున ఒక కన్నం. కన్నాల్లోంచి సొరుగు పొడవునా ఇనప కడ్డీ. కడ్డీ చివర శనగగింజంత మర. కార్డు తియ్యాలంటే ఆ మర గోటితో తిప్పి, కడ్డీ వెనక్కి లాగాలి.

పుట్టుపూర్వోత్తరాలకు నాలుగు తెల్ల కార్డులు ఉన్నాయి. వాటి తర్వాత పసుపు కార్డు లేదు. కడ్డీని పట్టుకుని పసుపురంగు కాగితం ముక్క ఒకటి మాత్రం ఉంది, తెగిన ఉంగరంలా.

ఎవరో కార్డును చింపి లాగేశారు.

పెద్దాయన ఆమెకు మొదటి రోజు నేర్పిన పాఠం అదే. 'కార్డుకి నొప్పి పుట్టకుండా తియ్యాలమ్మాయ్. ముందు మర విప్పు.' ఈ ఆఫీసులో సొరుగు ముట్టుకునే ప్రతివాళ్లకీ ఆ సంగతి తెలుసు. తెలియనివాడు ఒక్కడే. ఎన్నడూ సొరుగు ముట్టుకోనివాడు. ఆఫీసు మేనేజరు. ఎదుటివాళ్లను ఏ వాక్యమూ పూర్తి చెయ్యనివ్వడు, మధ్యలో "ఆగండి" అంటాడు. అందుకని అందరూ అతన్ని చాటుగా కామా అంటారు. ఆమె ఉద్యోగం ఫారం ఉండేది కామా బీరువాలోనే. తండ్రి పేరు, తల్లి పేరు, స్వస్థలం. మూడు గళ్లలోనూ ఆమె గీసిన మూడు అడ్డగీతలు.

ఆమె కాగితం ముక్కను జాగ్రత్తగా కడ్డీ నుంచి తప్పించి, రుమాల్లో మడిచింది.

నిజానికి వెతకాల్సిన పనే లేదు. కార్డు లేని ఉదాహరణను కొట్టెయ్యడం ఆమె అధికారం. ఆమెకున్న ఒకే ఒక్క అధికారం. అచ్చుకు వెళ్లే ముందు పేజీలను కార్డులతో సరిచూసే చివరి పోలిక ఈసారి ఆమె చేతిలోనే ఉంది. పెద్దాయన కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకున్నాడు. పెన్సిలు ఒక్క గీత గీస్తే చాలు.

గీత గీస్తే వాక్యం పోతుంది. అన్నవాడు ఉంటాడు. రేపు ఎదురుపడి, "ఏమ్మా, టీ తాగావా?" అని పలకరిస్తాడు. ఆమె "తాగానండీ" అంటుంది.

ఆమె పెన్సిలు కింద పెట్టింది.

* * *

ఆ సాయంత్రం ఇంట్లో బట్టలు మడత పెట్టింది. మడతలు విప్పి మళ్లీ పెట్టింది. వంటింటి గట్టు తుడిచింది. తుడిచిన గట్టునే మళ్లీ తుడవబోతుంటే భర్త చూశాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొయ్యి పక్కన నిలబడి వేళ్ల సందుల్లో గ్రీజు వదిలించుకుంటున్నాడు.

"ఏంటే, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?"

చెప్పింది. వాక్యంతో సహా. ఆయన చేతులు ఆగాయి.

"ముక్క మాత్రం బాగా కుదిరింది," అనేసి, ఆమె చూపు చూసి నాలిక కరుచుకున్నాడు. "అంటే, అన్నవాడి నోరు పడిపోనూ అని నా ఉద్దేశం."

"మీ ఉద్దేశం నాకు తెలుసు లెండి."

"కొట్టెయ్యి. వదిలెయ్యి. లిఫ్టు ఆగితే ఎవడు ఆపాడని నేను అడగను. మీట వేసి నడిపిస్తాను."

"లోపల మనిషి ఇరుక్కుంటే?"

"ముందు బయటికి లాగుతాను. ఊపిరి తీసుకున్నాక వాళ్లే చెప్తారు, ఎవడు గెంతాడో."

"నన్ను ఇంకా ఎవరూ బయటికి లాగలేదండీ."

ఆయన చేతులు తుడుచుకుని పక్కకు వచ్చి నిలబడ్డాడు. గ్రీజు వాసన వచ్చింది. "పద్దెనిమిదేళ్లయింది. నీ పుట్టుపూర్వోత్తరాలు నేనెప్పుడన్నా అడిగానా?"

"అడగలేదు."

"మరి?"

"అడక్కపోవడం మీ మంచితనం. అక్కడ ఎవడో ఎగతాళికి వాడుకున్నాడు. అన్నది ఎవడో తెలియాలి. అంతే."

"తెలిస్తే ఏం చేస్తావ్?"

ఆమె గుడ్డ తడిపి పిండింది. గట్టు మళ్లీ తుడిచింది.

* * *

మంగళవారం కామా గదిలో ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఆమె కూర్చోలేదు. పేజీని అతని ముందు పెట్టి, పంక్తి కింద వేలు ఉంచింది.

"సార్, ఇది చదవండి. ఈ కార్డు సొరుగులో ఉండేది. ఎవరో చింపి..."

"ఆగండి," అన్నాడు కామా. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. కళ్లజోడు తీసేశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడని ఆమె చూస్తోంది. అతను తడుముకోలేదు. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇది అచ్చులోకి ఎలా వచ్చింది?"

"అదే అడుగుతున్నాను. నా ఫారం మీ బీరువాలో ఉంటుంది. నా సంగతి..."

"ఆగు కార్డులమ్మా. ఈ ఒక్కసారి నన్ను చెప్పనీ." ఎప్పుడూ బహువచనంలో మాట్లాడే మనిషి ఏకవచనంలోకి దిగాడు. "ఇది ప్లీడరు గారి మాట."

కమిటీలో ఉండే ప్లీడరు. వెండి పిడి చేతికర్ర. కిందటేడు గుండెపోటుతో పోయాడు. శవం మీద వెయ్యడానికి ఆఫీసు తరపున పూలదండ కొని తెచ్చింది కార్డులమ్మే.

"రెండేళ్లయింది. నిన్ను సహాయ సంపాదకురాలిగా పర్మనెంటు చేసే కాగితం ఆ రోజు బల్ల మీద ఉంది. కమిటీ ఆరుగురం ఉన్నాం. సంతకాలే తరువాయి. ప్లీడరు గారు నీ ఫారం తిరగేసి, ఆ అడ్డగీతలు చూసి ఈ ముక్క అన్నారు. నలుగురం నవ్వాం. నేనూ నవ్వాను. దాచను. ఆ నవ్వులో కాగితం మీద ఇంకో కాగితం పడింది. వచ్చే సమావేశంలో చూద్దాం అన్నారు. నాకు 'అర్హతలు పరిశీలనలో ఉన్నాయి' అని రాయమన్నారు. రాశాను."

ఆ ఉత్తరం ఆమె దగ్గర ఇంకా ఉంది. డిగ్రీ సరిపోలేదేమో అనుకుని, ఈ రెండేళ్లలో రెండు పరీక్షలు కట్టి పాసయింది.

"నలుగురు నవ్వారు, ఒకరు అన్నారు. ఆరో మనిషి?"

కామా ముఖం కొంచెం తేటపడింది. ఆ గదిలో జరిగినదాంట్లో తలెత్తి చెప్పుకోగలిగింది అదొక్కటే అన్నట్టు. "పెద్దాయన. ఆయన ఒక్కరే నవ్వలేదమ్మా. దేవుడిలాంటి మనిషి. తల వంచుకుని ఏదో రాసుకుంటూ కూర్చున్నారు."

ఫ్యాను కిర్రుమంది.

"ఏ రంగు కాగితం మీద సార్?"

"ఏమో, జేబులోంచి తీశారు. చిన్న కాగితం. పసుపు..." కామా వాక్యం అక్కడ ఆగిపోయింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

ఆమె బీరువా దగ్గరకు తిరిగి వచ్చింది. సొరుగు లాగింది. కళ్లు మూసుకుని, వేలితో మర కోసం వెతికింది. కార్డుల అంచులు తగిలాయి. చెక్క తగిలింది. కడ్డీ తగిలింది. అంత చిన్న మర వేలికి దొరకలేదు.

కిందటి నెల పెద్దాయన టీ కప్పు బల్ల మీద పెట్టబోయి, బల్ల అంచుకు అవతల పెట్టాడు. పగిలిన పెంకులు ఏరింది తనే. ఆయన సారీ చెప్తే, "కళ్లు కదా మాస్టారూ, ఏం చేస్తారు," అన్నది కూడా తనే.

మర విప్పడం తెలియనివాడు చింపాడనుకుంది. మర కనబడనివాడు చింపాడు.

ఆ రోజు ఇక ఆమె ఒక్క పేజీ కూడా చూడలేకపోయింది. పెన్సిలు చెక్కింది. చెక్కిన పెన్సిలునే మళ్లీ చెక్కింది. సాయంత్రానికి అది సగానికి వచ్చింది.

* * *

బుధవారం మధ్యాహ్నం పెద్దాయన భార్య తలుపు తీసింది.

"రామ్మా, రా. కన్ను కట్టేశారు గానీ ఈయన చెవులు కట్టెయ్యలేదు డాక్టర్లు. పొద్దున్న పాలవాణ్ని అరగంట నిలబెట్టేశారు, ఒక్క సామెత కోసం. పాలు విరిగిపోయాయి. కూర్చో, టీ పెడతాను."

"వద్దు పిన్నిగారూ."

"వద్దంటే ఎవరు వింటారు?" అని ఆవిడ లోపలికి వెళ్లింది.

పెద్దాయన కిటికీ దగ్గర పడక్కుర్చీలో ఉన్నాడు. ఒక కంటికి కట్టు, రెండో కంటికి చూపు మసక, రెండింటి మీదా నల్లకళ్లజోడు. చొక్కా జేబులో పసుపు కార్డుల అంచులు కనబడుతున్నాయి. రాయలేడు, చూడలేడు. అయినా జేబులో కార్డులు లేకపోతే తోచదు.

"అమ్మాయేనా? నడక పట్టి చెప్పాను. ఏమిటంత విసురు? పేజీలు ఎంతవరకు వచ్చాయి?"

"ఆరువందల పన్నెండు దగ్గర ఆగాయి మాస్టారూ."

ఆయన పడక్కుర్చీ చేతి మీద వేళ్లు ఆడిస్తున్నాడు. వేళ్లు ఆగాయి.

"అక్కడేముంది?"

"పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి."

"ఆ. దాని వాడుక కొట్టేశావా?"

"ఎందుకు కొట్టాలి?"

"కార్డు లేదుగా మరి. కార్డు లేనిది వెళ్లకూడదుగా." మామూలు గొంతుతోనే అన్నాడు. కాస్త త్వరగా అన్నాడు, అంతే.

"కార్డు లేదని నేనింకా చెప్పలేదు మాస్టారూ."

లోపల వంటింట్లో గిన్నె మోగింది. ఆమె రుమాలు విప్పి, తెగిన ఉంగరంలాంటి ఆ కాగితం ముక్కను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో దాన్ని తడిమాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. కళ్లజోడు పెట్టె వెతుక్కుని, మూత తీసి, అడుగున మడిచి ఉన్న పసుపు కార్డును ఆమె వైపు చాపాడు. కన్నం దగ్గర చిరిగి ఉంది. మధ్యలో ఆ వాక్యం. చెప్పింది: ప్లీడరు, అరవై ఎనిమిది. విన్నది దగ్గర ఆయన పొడి అక్షరాలు.

"నువ్వు కూర్చో. నిలబడితే నేను చెప్పలేను."

"నిలబడే వింటాను."

"సరే. ప్లీడరు ఆ మాట అన్నప్పుడు నాకు నువ్వు గుర్తు రాలేదు అమ్మాయ్. వచ్చి ఉంటే, భయపడి ఊరుకున్నానని చెప్పుకునేవాణ్ని. అదీ కాదు. పుట్టుపూర్వోత్తరాలకి నా దగ్గర నాలుగూ పుస్తకాల కార్డులే. మనుషుల నోట్లో ఆ మాట ఎలా ఆడుతుందో వినాలని పదకొండేళ్లుగా కాపు కాస్తున్నాను. అది నా ఎదురుగా వచ్చి పడింది. చెయ్యి జేబులోకి పోయింది. చివరి అక్షరం రాసి తలెత్తేసరికి నీ కాగితం ఫైల్లోకి వెళ్లిపోయింది."

"ఒక్క మాట అంటే సరిపోయేది."

"సరిపోయేది. నేనంటే అక్కడ కాదనేవాడు లేడు. ప్లీడరు కూడా క్షమించమనేవాడు. వాడు చెడ్డవాడు కాదు, నోటిదురద మనిషి." ఆయన పడక్కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆ కార్డు నీ చేతికివ్వలేక ఏడాదిన్నర జేబులోనే తిప్పాను. 'పు' రాసే రోజు వచ్చింది. అంతకన్నా మంచి వాక్యం దొరకలేదు. రాసేశాను. కార్డు సొరుగులో గుచ్చాను. చివరి పోలిక నేనే చూస్తాను కదా అనుకున్నాను."

"మీరే చూసి ఉంటే?"

"దాటిపోయేవాణ్ని. పేజీ తిప్పేసేవాణ్ని." ఆయన నల్లకళ్లజోడు సర్దుకున్నాడు. "ఆపరేషన్ తేదీ పడింది. పేజీలు నీ చేతికి వస్తాయని తెలిసింది. ఆ సాయంత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, తేలు కుట్టిన దొంగలా సొరుగు తీశాను. మర కనబడలేదు. లాగేశాను. కార్డు లేకపోతే నువ్వు గీత గీసేసి ముందుకు వెళ్లిపోతావు, చదవవు అనుకున్నాను."

"ఇరవై రెండేళ్లు నా చేత చదివించి, చదవననుకున్నారా?"

పిన్నిగారు టీ గ్లాసులు తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

కార్డులమ్మ చిరిగిన కార్డును కాసేపు పట్టుకుని చూసింది. తర్వాత కుర్చీ లాక్కుంది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె కాళ్లకు నిలకడ వచ్చింది. వంగి, ఆయన చొక్కా జేబులోంచి ఒక ఖాళీ పసుపు కార్డు తీసుకుంది. ఆయన కదలలేదు.

"చిరిగిన కార్డు చెల్లదు మాస్టారూ. మీరు పెట్టిన రూలే. రేపు మధ్యాహ్నానికి ఆ మాటకి ఇంకో వాడుక కావాలి. చెప్పండి."

"ఏం చెప్పను?"

"పుట్టుపూర్వోత్తరాలు అన్న ముక్క వచ్చేలా మీ మాట ఒకటి. అన్నది అన్నట్టు రాస్తాను. ఒక్క అక్షరం మార్చను."

పెద్దాయన కట్టు ఉన్న కంటిని వేలితో తాకి, చెయ్యి దించేశాడు. టీ చల్లారుతోంది. ఆమె పెన్ను మూత తీసిన చప్పుడు ఆయన విన్నాడు.

"రాసుకో. 'ఒక మనిషి పుట్టుపూర్వోత్తరాలు ఎత్తి నలుగురు నవ్వుతుంటే, నోరు తెరవాల్సిన నేను కార్డు తీసి రాసుకుంటూ కూర్చున్నాను.' అయిందా? చెప్పింది, నిఘంటువు సంపాదకుడు. వయసు డెబ్భై ఒకటి. ఇక 'విన్నది' దగ్గర... అక్కడ నా అక్షరాలు వెయ్యకు అమ్మాయ్. విన్నది నువ్వు. నీవి వెయ్యి."